యువ హర్డ్లర్ భవితవ్యం – పోటీల ఎంపిక: యర్రాజి జ్యోతి అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో భారతదేశం తరఫున ఒలింపిక్ క్రీడల్లో పాల్గొన్న తొలి క్రీడాకారిణి విశాఖపట్నానికి చెందిన యర్రాజి జ్యోతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ఈ అంశంలో నిర్ణయించిన అర్హతా ప్రమాణం 12.77 సెకన్లు. ఆ ఏడాది మే నెలలో ఫిన్లాండ్‌లోని యువాస్కులా పట్టణంలో జరిగిన పోటీలో ఆమె 12.78 సెకన్లలో పరుగు ముగించారు. ప్రమాణానికి తక్కువైనది సెకనులో నూరో వంతు. అంత వేగంతో పరుగెత్తేవారు ఆ వ్యవధిలో దాటే దూరం సుమారు ఎనిమిది సెంటీమీటర్లు, అనగా బెత్తెడు. అయినప్పటికీ ఆమెకు ప్రపంచ ర్యాంకింగ్ ఆధారంగా పారిస్‌లో స్థానం లభించింది. ఆ ర్యాంకింగ్ ఏ ఒక్క పరుగు వల్లనో వచ్చినది కాదు. ఏడాది కాలంలో పాల్గొన్న పోటీల స్థాయి, వాటిలో సాధించిన సమయం, దక్కిన స్థానం అన్నీ కలిసి దానిని నిర్ణయించాయి.

జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో ప్రతి ఏటా ఒకరిద్దరు బాలబాలికలు హర్డిల్స్‌లో మెరుగైన సమయం నమోదు చేయడం, వారిని భావి ఒలింపియన్లుగా పత్రికలు పేర్కొనడం తరచుగా జరుగుతున్నదే. అటువంటి యువ క్రీడాకారుల భవితవ్యాన్ని అంచనా వేయవలసినప్పుడు గడియారంలోని అంకెతో పాటు ఆ అంకె ఏ పరిస్థితుల్లో వచ్చింది, అది ఎక్కడ చెల్లుబాటు అవుతుంది అనేవి కూడా చూడవలసి ఉంటుంది. జ్యోతి క్రీడా జీవితంలో ఈ రెండు ప్రశ్నలు పలుమార్లు ఎదురయ్యాయి.

విశాఖ నుంచి భువనేశ్వర్ వరకు

జ్యోతి 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో జన్మించారు. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డుగా పనిచేశారు. నగరంలోని పోర్టు హైస్కూలులో చదువుతున్న రోజుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు ఆమెలోని హర్డ్లర్‌ను గుర్తించారు. 2015లో రాష్ట్ర అంతర జిల్లా పోటీల్లో స్వర్ణ పతకం సాధించిన తరువాత, 2016లో హైదరాబాద్‌లోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఎన్.రమేశ్ వద్ద శిక్షణలో చేరారు. అనంతరం గుంటూరులోని శిక్షణ కేంద్రానికి, 2019లో భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ – ఒడిశా అథ్లెటిక్స్ హై పెర్ఫార్మెన్స్ కేంద్రానికి మారారు. అక్కడ బ్రిటన్‌కు చెందిన జేమ్స్ హిల్లియర్ ఆమె శిక్షకులు.

లెక్కకు రాని పరుగులు

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. అందులో జ్యోతి 13.03 సెకన్లలో హర్డిల్స్ పూర్తి చేశారు. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన ఆ రికార్డు అప్పటికి పదిహేడేళ్లుగా చెక్కుచెదరలేదు. ఇరవై ఏళ్ల విద్యార్థిని దానిని ఏకంగా 0.35 సెకన్లతో అధిగమించినా అది రికార్డుగా నమోదు కాలేదు. డోప్ పరీక్ష జరగకపోవడం, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి హాజరు కాకపోవడం అందుకు కారణాలు. వీటిలో ఏ ఒక్కటీ క్రీడాకారిణి చేతిలో ఉన్నది కాదు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్‌లో ఆమె 13.09 సెకన్లు నమోదు చేశారు. ఈసారి ఏర్పాట్లన్నీ సక్రమంగానే ఉన్నా, వెనుక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లుగా తేలింది. నిబంధనల ప్రకారం అనుమతించదగినది 2.0 మీటర్లు. ఆ విధంగా రెండవసారి కూడా రికార్డు చేజారింది. అదే ఏడాది గాంధీనగర్ జాతీయ క్రీడల్లో సాధించిన 12.79 సెకన్లు సైతం గాలి పరిమితి మించిన కారణంగా రికార్డు పుస్తకాల్లో చేరలేదు.

ఎట్టకేలకు 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో ఆమె పేరిట జాతీయ రికార్డు నమోదైంది. అంతకుముందు రెండు సార్లు పరుగెత్తిన సమయాల కన్నా ఇది తక్కువ స్థాయి ప్రదర్శనే కావడం గమనార్హం. మే 22న ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరోలో 13.11, మే 26న నెదర్లాండ్స్‌లోని వుగ్ట్‌లో 13.04 సెకన్లు నమోదయ్యాయి. పదహారు రోజుల వ్యవధిలో ఒకే క్రీడాకారిణి జాతీయ రికార్డును మూడు సార్లు తిరగరాశారు. ఆమె శక్తి సామర్థ్యాలు ఆ పదహారు రోజుల్లో హఠాత్తుగా పెరిగినవి కావు. గాలి కొలత, విద్యుత్ గడియారం, ధ్రువీకరించిన ట్రాక్, పక్క లేన్లలో గట్టి ప్రత్యర్థులు ఉన్న పోటీలను దగ్గర దగ్గరగా ఎంచుకోవడమే ఇందులోని కీలకాంశం. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో జరిగిన జాతీయ ఓపెన్ పోటీల్లో 12.82 సెకన్లతో, 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయ మహిళగా ఆమె నిలిచారు. సదుపాయాలు సరిగ్గా ఉంటే స్వదేశీ గడ్డపైన కూడా రికార్డు సాధ్యమేనని దీనితో రుజువైంది.

పది హర్డిల్స్, ఎనిమిదిన్నర మీటర్లు

100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులు ఉంటాయి. మొదటిది ఆరంభ రేఖకు 13 మీటర్ల దూరంలో, తక్కినవి 8.50 మీటర్లకు ఒకటి చొప్పున, చివరి దాని నుంచి ముగింపు రేఖ 10.50 మీటర్ల దూరంలో ఉంటాయి. సీనియర్ మహిళలకు హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. రెండు హర్డిల్స్ నడుమ మూడు అంగలు మాత్రమే వేయాలి. హర్డిల్‌కు సుమారు రెండు మీటర్ల ముందు నేలను విడిచి, దాదాపు ఒక మీటరు ఆవల పాదం మోపుతారు గనుక ఆ మూడు అంగలకు మిగిలేది ఐదున్నర మీటర్లు. వేగం పెరిగిన కొద్దీ ఈ చోటు ఇరుకవుతుంది. వీపు వైపు నుంచి బలమైన గాలి వీచినప్పుడు అంగలు సాగి తదుపరి హర్డిల్ మరీ దగ్గరకు వచ్చేస్తుంది. కనుక గాలి అన్ని వేళలా మేలే చేస్తుందని భావించడం సరికాదు.

ఈ కొలతలు తెలియకుండా వయోవర్గాల సమయాలను పోల్చడం వల్ల పొరపాట్లు దొర్లుతున్నాయి. 18 ఏళ్ల లోపు బాలికలకు హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు మాత్రమే. 20 ఏళ్ల లోపు విభాగంలోకి రాగానే అది 83.8కి పెరుగుతుంది, అనగా ఏడున్నర సెంటీమీటర్లకు పైగా అదనం. బాలుర 110 మీటర్ల హర్డిల్స్‌లో మార్పు రెండు దశల్లో ఉంటుంది. 18 ఏళ్ల లోపు 91.4, 20 ఏళ్ల లోపు 99.1, సీనియర్లకు 106.7 సెంటీమీటర్లు. బాలుర విభాగంలో రాణించిన వారిలో కొందరు పై విభాగంలో వెనుకబడటానికి ఈ ఎత్తు ఒక ముఖ్య కారణం. ఒక బాలిక 18 ఏళ్ల లోపు విభాగంలో సాధించిన సమయాన్ని సీనియర్ జాతీయ రికార్డు పక్కన పెట్టి ‘కొద్దిలో తప్పింది’ అని రాయడం ఆ బాలికకు ప్రోత్సాహం కన్నా భారమే అవుతుంది.

చేతి గడియారంతో తీసిన సమయం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. విద్యుత్ గడియారంతో పోల్చేటప్పుడు చేతి గడియారపు సమయానికి 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ. జిల్లా మైదానంలో 13.5గా ప్రకటించినది విద్యుత్ పద్ధతిలో 13.74తో సమానమన్న మాట. పావు సెకను తేడా హర్డిల్స్‌లో చిన్నది కాదు. లిమసోల్‌కు, వుగ్ట్‌కు మధ్య జ్యోతి మెరుగుపరచుకున్నది 0.19 సెకన్లు మాత్రమే.

సత్తాను అంచనా వేయడానికి శిక్షకులు సాధారణంగా మొదట చూసేది హర్డిల్స్ లేని పరుగులో వేగం. మహిళల హర్డిల్స్ ఎత్తు పురుషులతో పోలిస్తే తక్కువ గనుక వేగానికి ప్రాధాన్యం మరింత ఎక్కువ. గాంధీనగర్ జాతీయ క్రీడల్లో జ్యోతి 100 మీటర్ల పరుగులో 11.51 సెకన్లతో స్వర్ణం గెలిచారు. అదే నెలలో బెంగళూరులో హర్డిల్స్ సమయం 12.82. రెండింటి నడుమ వ్యత్యాసం 1.31 సెకన్లు. పది హర్డిల్స్‌కు చెల్లించిన మూల్యం అది. వ్యత్యాసం ఎక్కువగా ఉన్న క్రీడాకారిణికి వేగం ఉండీ సాంకేతికత కొరవడిందని, వ్యత్యాసం తగ్గినా సమయం మెరుగుపడకపోతే మూల వేగమే పెరగవలసి ఉందని గ్రహించవచ్చు. ఈ రెండో రకం వారికి మరిన్ని హర్డిల్స్ పోటీల కన్నా 100, 200 మీటర్ల పరుగులే ఎక్కువ మేలు చేస్తాయి. జ్యోతి సైతం 2023 బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో హర్డిల్స్ స్వర్ణంతో పాటు 200 మీటర్లలో 23.13 సెకన్లతో రజతం సాధించారు.

ఇండోర్ పోటీల్లోని 60 మీటర్ల హర్డిల్స్ మరో కొలబద్ద. అందులో ఐదు హర్డిల్స్ మాత్రమే ఉంటాయి. అక్కడ బాగా రాణించి, ఆరుబయట ఆరో హర్డిల్ తరువాత వెనుకబడే వారికి వేగాన్ని నిలుపుకొనే శక్తి కొరత ఉన్నట్లు. ఆస్తానాలో 2023 ఫిబ్రవరిలో 8.13 సెకన్లతో రజతం, టెహ్రాన్‌లో 2024 ఫిబ్రవరిలో 8.12 సెకన్లతో స్వర్ణం జ్యోతి ఖాతాలో చేరాయి. గాలి ప్రసక్తి లేని పోటీ కావడం వల్ల ఈ సమయాలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చవచ్చు.

పోటీల పంచాంగం

ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ర్యాంకింగ్ విధానంలో 100 మీటర్ల హర్డిల్స్‌కు పన్నెండు నెలల కాలంలోని ఐదు ఉత్తమ ఫలితాల సగటు తీసుకుంటారు. ఒక్కో ఫలితంలో రెండు భాగాలుంటాయి. ఒకటి సమయానికి వచ్చే పాయింట్లు, రెండవది పోటీ శ్రేణిని బట్టి స్థానానికి లభించే పాయింట్లు. గాలి వేగాన్ని బట్టి సమయపు పాయింట్లను సవరిస్తారు. ఇండోర్ 60 మీటర్ల ఫలితాలను కూడా పరిమితంగా లెక్కలోకి తీసుకుంటారు. ఒక చిన్న ఆహ్వాన పోటీలో అద్భుతమైన సమయం సాధించిన క్రీడాకారిణి కన్నా, ఆసియా ఛాంపియన్‌షిప్ వంటి ఉన్నత శ్రేణి పోటీలో ఓ మోస్తరు సమయంతో విజేతగా నిలిచిన క్రీడాకారిణికి ఎక్కువ పాయింట్లు రావడం ఈ విధానంలో సాధ్యమే. బ్యాంకాక్‌లో జ్యోతి గెలుపు సమయం 13.09 సెకన్లు. అది ఆమె ఉత్తమ సమయం కాదు. అయినా ఆసియా విజేత స్థానానికి ఉన్న విలువ వేరు.

ఆ 2023 సంవత్సరపు పంచాంగం పరిశీలించదగినది. జూలై మధ్యలో బ్యాంకాక్, ఆగస్టు 4న చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు, ఆగస్టు మూడో వారం తరువాత బుడాపెస్ట్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, అక్టోబరు 1న హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల ఫైనల్. చెంగ్డూలో ఆమె 12.78 సెకన్ల కొత్త జాతీయ రికార్డుతో కాంస్యం గెలిచారు. బుడాపెస్ట్‌కు నిర్ణయించిన ప్రమాణం సరిగ్గా 12.78 సెకన్లే. అయితే దానికి గడువు జూలై 30తో ముగిసింది. అదే పరుగు ఐదు రోజులు ముందుగా వచ్చి ఉంటే ప్రమాణం అందుకున్నట్లే. మరోవైపు పారిస్ ఒలింపిక్స్ అర్హతా కాలం ఆ జూలై 1 నుంచే మొదలైనా, దాని ప్రమాణం 12.77 కావడంతో అక్కడ నూరో వంతు తక్కువైంది. ఒకే పరుగు ఒక చోట తేదీ దాటిపోయి, మరొక చోట బెత్తెడు చాలక నిలిచిపోయింది. తొమ్మిది నెలల తరువాత యువాస్కులాలోనూ అదే 12.78 పునరావృతమైంది. ఆ పోటీలోనే పురుషుల 110 మీటర్ల హర్డిల్స్‌లో తేజస్ శిర్సే 13.41 సెకన్లతో జాతీయ రికార్డు నెలకొల్పడం విశేషం. నూరో వంతు బాధ భారత హర్డిల్స్‌కు కొత్త కాదు. 1984 లాస్ ఏంజెల్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉష కాంస్యాన్ని కోల్పోయినది కూడా అంతే తేడాతో.

అర్హతా ప్రమాణం స్థిరంగా ఉండదనే విషయాన్ని కూడా ప్రణాళికలో గుర్తుంచుకోవాలి. బుడాపెస్ట్‌కు 12.78, పారిస్‌కు 12.77, 2025 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు 12.73. నేటి ప్రమాణాన్ని లక్ష్యంగా పెట్టుకున్న యువ క్రీడాకారిణి రెండేళ్ల తరువాత అక్కడికి చేరేసరికి ప్రమాణం ముందుకు జరిగి ఉండవచ్చు.

హాంగ్‌ఝౌ ఫైనల్ మరో రకమైన పాఠం. చైనాకు చెందిన వూ యాన్ని తుపాకీ శబ్దానికి ముందే కదలగా, పక్కనే ఉన్న జ్యోతిని సైతం అధికారులు తొలుత అనర్హురాలిగా ప్రకటించబోయారు. జ్యోతి అక్కడికక్కడే అభ్యంతరం తెలిపారు. చర్చల అనంతరం ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. పరుగు ముగిశాక వూను అనర్హురాలిగా నిర్ణయించడంతో, 12.91 సెకన్లతో మూడో స్థానంలో ఉన్న జ్యోతికి రజతం దక్కింది. నిబంధన తెలియక ఆమె మౌనంగా ట్రాక్ విడిచి వెళ్లి ఉంటే ఆ పతకం ఉండేది కాదు. శిక్షణ శిబిరాల్లో నిబంధనల బోధనకు ఒక పూట కేటాయించడం వృథా కాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

పెద్ద పోటీల తొలి రౌండు

జ్యోతి ఫలితాల్లో పొగడ్తకు లొంగని అంశం ఒకటి ఉంది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 13.18, బుడాపెస్ట్‌లో 13.05, పారిస్‌లో తొలి రౌండ్‌లో 13.16, మరుసటి రోజు రెండో అవకాశంగా ఇచ్చే రెపెచేజ్ రౌండ్‌లో 13.17 సెకన్లు. ఈ మూడు పోటీల్లోనూ ఆమె ముందుకు సాగలేదు. వుగ్ట్‌లో 13.04 సాధించిన రెండు నెలల తరువాత బర్మింగ్‌హామ్, యువాస్కులాలో 12.78 సాధించిన రెండున్నర నెలల తరువాత పారిస్ జరిగాయి. మే నెలలో ప్రమాణం కోసం శిఖరస్థాయికి చేరుకున్న శరీరాన్ని తిరిగి ఆగస్టులో అదే స్థాయికి తేవడం ఎంతో కష్టమైన పని. ర్యాంకింగ్‌లో ముందున్న దేశాల క్రీడాకారిణులు మునుపటి ఏడాదే ప్రమాణం అందుకుని, ఒలింపిక్ సంవత్సరంలో ఒకే శిఖరానికి సిద్ధమవుతారు. ప్రమాణం కోసం చివరి నెలల్లో పరుగెత్తవలసిన వారికి ఆ వెసులుబాటు ఉండదు. భారతీయ క్రీడాకారుల పోటీల ఎంపికలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చు.

ఆసియా స్థాయిలో మాత్రం ఆమె స్థానం తిరుగులేనిది. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96 సెకన్ల ఛాంపియన్‌షిప్ రికార్డుతో వరుసగా రెండవసారి ఆసియా టైటిల్ గెలిచారు. అదే పోటీల్లో తెలంగాణకు చెందిన అగసర నందిని, 100 మీటర్ల హర్డిల్స్‌తో మొదలయ్యే హెప్టాథ్లాన్‌లో స్వర్ణం సాధించారు. హర్డిల్స్‌లో పునాది ఉన్న బాలికలకు ఆ దారి కూడా తెరిచి ఉన్నదని శిక్షకులు గమనించగలరు.

గుమి అనంతరం కొద్ది వారాలకే సాధనలో జ్యోతి మోకాలి లిగమెంటుకు గాయమైంది. శస్త్రచికిత్స అవసరం కావడంతో 2025 సెప్టెంబరు టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఆమె దూరమయ్యారు. ర్యాంకింగ్ పన్నెండు నెలల ఫలితాలపై ఆధారపడుతుంది గనుక, దీర్ఘకాలం పోటీకి దూరమైన క్రీడాకారిణి పాయింట్లు నెలనెలా జారిపోతాయి. అటువంటి వారి పునరాగమనానికి తొలుత హర్డిల్స్ లేని పరుగులు, పిదప తగ్గించిన ఎత్తు, తగ్గించిన దూరంతో సాధన, ఆ తరువాతే పూర్తి స్థాయి పోటీ అనే క్రమం పాటిస్తారు. ఆ దశలో వచ్చే 13.30, 13.40 వంటి సమయాలను క్షీణతగా చిత్రించడం తొందరపాటు అవుతుంది.

జిల్లా మైదానంలో

ఈ నేపథ్యంలో పోటీల నిర్వాహకులు పట్టించుకోవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. విండ్ గేజ్‌ను ముగింపు రేఖకు 50 మీటర్ల దూరంలో, ట్రాక్ అంచుకు రెండు మీటర్లు మించకుండా, 1.22 మీటర్ల ఎత్తులో అమర్చి, 100 మీటర్ల హర్డిల్స్‌కు తుపాకీ పేలినప్పటి నుంచి 13 సెకన్ల పాటు కొలవాలి. చదునైన 100 మీటర్ల పరుగుకు ఇది 10 సెకన్లే. రెండింటికీ ఒకే వ్యవధి పెట్టడం తరచూ జరిగే పొరపాటు. ఫలితాల పత్రంలో ప్రతి హీట్ పక్కన గాలి వేగం రాయాలి. రికార్డుకు అవకాశమున్న పోటీకి డోప్ పరీక్ష, సాంకేతిక ప్రతినిధి ఏర్పాటును ముందుగానే కోరాలి. అంతర్జాతీయ అర్హతకు పరిగణించవలసిన పోటీ అయితే ప్రపంచ అథ్లెటిక్స్ క్యాలెండర్‌లో అది ముందుగా నమోదై ఉండాలి.

హర్డిల్ కూడా నిబంధనకు లోబడినదే కావాలి. పై పట్టీ మధ్యభాగాన 3.6 నుంచి 4 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి కలిగితే అది ముందుకు పడిపోవాలి. పాదాలు క్రీడాకారుడు వచ్చే వైపు ఉండాలి. కొన్ని పాఠశాలల్లో ఇనుప గొట్టాలతో వెల్డింగ్ చేయించిన, కదలని హర్డిల్స్ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఒకసారి మోకాలు తగిలిన పిల్లలు మరోమారు ఆ లేన్‌లోకి రావడానికి జంకుతారు. వారిలో ఎవరు ఎంత వేగంగా పరుగెత్తగలిగేవారో ఏ విండ్ గేజ్ కూడా చెప్పలేదు.

వార్తలు రాసే పాత్రికేయులు ఫలితాల పత్రంలో సమయం పక్కన గాలి అంకె ఉన్నదా, గడియారం విద్యుత్‌దా, చేతిదా, హర్డిల్ ఎత్తు ఏ వయోవర్గానిది, క్రీడాకారిణి ఆ ఏడాది అప్పటికి ఎన్ని పోటీల్లో పాల్గొన్నది అనే వివరాలను నిర్వాహకుల నుంచి అడిగి తీసుకోవచ్చు. గాలి అంకె లేని పత్రం వస్తే, దాని కోసం అదే రోజు అడగడం మేలు. మరునాటికి ఆ వివరం సాధారణంగా ఎవరి వద్దా ఉండదు.